వాగ్దానంలోనే తెరిచి ఉంచిన దొడ్డిదారి

ఎన్నికైన నాయకుడిపై పర్యావరణవాదులు పెట్టుకున్న ఆశ అడియాస అయినప్పుడు, ఆ పరిణామాన్ని నమ్మకద్రోహం అన్న ఒక్క మాటతో తేల్చివేయడం రాజకీయ వ్యాఖ్యానాల్లో పరిపాటి. గెలిచేదాకా ఒక మాట, గద్దెనెక్కాక మరొక మాట అన్నది ఆ వివరణ సారాంశం. అందులో నిజం లేకపోలేదు. అయితే హామీ ఇచ్చిన నాటికే అది ఏ షరతులకు లోబడి ఉంది, ఆ షరతులను ఎవరు రాశారు, వాటిని చూసీ చూడనట్లు వదిలేసిందెవరు అన్న ప్రశ్నలు ఆ ఒక్క మాట వెనుక మరుగునపడిపోతాయి. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో 2007 నుంచి 2013 దాకా నడిచిన యాసునీ చమురు వ్యవహారం ఈ ప్రశ్నలను పరిశీలించడానికి చాలా అనువైనది. యాసునీ అడవి కింది చమురును తీయకుండా నేలలోనే ఉంచేస్తామని అక్కడ హామీ ఇచ్చినవాడు సాక్షాత్తు దేశాధ్యక్షుడు. ఆ ఆలోచనను ప్రభుత్వంలోకి తెచ్చినవాడు ఆయన స్నేహితుడూ తొలి ఇంధన మంత్రీ. దానికి అండగా నిలవాల్సిన రాజ్యాంగాన్ని రూపొందించిన సభకు మొదట అధ్యక్షత వహించినవాడు కూడా ఆ స్నేహితుడే. ఇన్ని కలిసివచ్చిన తర్వాత కూడా ఆరేళ్లలో ఆ హామీ చెల్లని కాసు అయిందంటే, కారణాన్ని ఒక మనిషి స్వభావంలో మాత్రమే వెతకడం సరిపోదు.

ఈక్వడార్ విస్తీర్ణంలో దాదాపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. ఆండీస్ పర్వతాలకు పడమట సముద్ర తీరం, తూర్పున అమెజాన్ అడవి ఉన్న ఆ దేశంలో 1967లో లాగో అగ్రియో అనే చోట చమురు పడింది, 1972లో అడవి నుంచి తీరానికి గొట్టపుమార్గం పూర్తయింది. ఆనాటి నుంచి దేశ ఎగుమతుల్లోనూ, సర్కారు ఖర్చుల్లో మూడో వంతు దాకానూ చమురే ఆధారం. 2000 సంవత్సరంలో తీవ్రమైన బ్యాంకుల సంక్షోభం తర్వాత ఈక్వడార్ తన సొంత కరెన్సీ సూక్రేను వదులుకుని అమెరికా డాలరును అధికారిక ద్రవ్యంగా స్వీకరించింది. సొంత నోట్లు ముద్రించుకునే వీలు లేని దేశంలోకి డాలర్లు రావాలంటే ఏదో ఒకటి అమ్మాలి, లేదా అప్పు తేవాలి. తరువాతి కథలో అధ్యక్షుడు తీసుకున్న ప్రతి నిర్ణయం వెనుకా ఈ నిర్బంధం ఉంది. ఆయన విమర్శకులు దీనికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు.

చమురు తెచ్చిన డబ్బుతోపాటు అది మిగిల్చిన మురికి కూడా ఆ దేశ ప్రజలకు తెలుసు. ఈశాన్య అడవుల్లో దశాబ్దాలపాటు చమురు తీసిన అమెరికా కంపెనీ టెక్సకో, బావుల నుంచి వచ్చే విషజలాలను లైనింగ్ లేని గుంతల్లోకి, వాగుల్లోకి వదిలిందంటూ అక్కడి రైతులూ ఆదివాసులూ 1993లో న్యూయార్క్ కోర్టుకెక్కారు. తరువాత టెక్సకోను షెవ్రాన్ కొనుగోలు చేయడంతో ఆ వ్యాజ్యం ఆ కంపెనీ మెడకు చుట్టుకుని, దేశదేశాల న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి సాగింది. ఈ అనుభవం నుంచే అక్సియోన్ ఎకోలోహికా వంటి ఈక్వడార్ పర్యావరణ సంస్థలు ఒక కొత్త వాదనను ముందుకు తెచ్చాయి. తీసే చమురును జాగ్రత్తగా తీయమని అడగడం కాదు, తీయని చమురును నేలలోనే ఉంచేయమని అడగాలన్నది ఆ వాదన. భూతాపం పెరగకుండా ఆపాలంటే ఇంధన నిల్వల్లో పెద్ద భాగాన్ని తవ్వకుండా వదిలేయక తప్పదని నేడు వాతావరణ శాస్త్రం చెబుతున్న విషయాన్ని వీరు 1990ల నుంచే, తమ ఊళ్లలోని మురికి గుంతలను చూపించి చెప్పారు.

దేశపు తూర్పు కొసన, పెరూ సరిహద్దుకు దగ్గరగా ఉన్న యాసునీ జాతీయ వనం ఈ వాదనకు కేంద్రమైంది. దాదాపు 10 వేల చదరపు కిలోమీటర్ల ఈ అడవిని యునెస్కో 1989లోనే జీవావరణ రక్షిత ప్రాంతంగా, అంటే మనుషుల జీవనమూ ప్రకృతి పరిరక్షణా కలిసి సాగాల్సిన ప్రాంతంగా గుర్తించింది. అక్కడ ఒక్క హెక్టారులోనే 600కు పైగా వృక్ష జాతులు పెరుగుతాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది వావొరానీ ఆదివాసుల నేల. వారికి దగ్గరి జ్ఞాతులైన తగాయెరీ, తారోమెనానే అనే రెండు సమూహాలు బయటి ప్రపంచంతో సంబంధం వద్దని అడవి లోపలే ఉండిపోయాయి. ఇటువంటివారిని స్వచ్ఛంద ఏకాంతంలో ఉన్న ప్రజలంటారు. వారిని వెతుక్కుంటూ వెళ్లడమంటే వారికి రోగనిరోధక శక్తి లేని జబ్బులను మోసుకుపోవడమే. ఈ అడవి కిందనే ఇష్పింగో, తాంబోకోచా, టిపుటినీ అనే మూడు క్షేత్రాల్లో, క్లుప్తంగా ఐటీటీ అని పిలిచే సముదాయంలో, 84.6 కోట్ల బ్యారెళ్ల చమురు ఉందని అంచనా. దేశపు మొత్తం నిల్వల్లో అది ఐదో వంతు. పైగా అది బరువైన చమురు. అంటే తారులా చిక్కగా ఉండి, తీసేటప్పుడు దానికి అనేక రెట్లు కలుషిత జలాన్ని వెంట తెచ్చేది, శుద్ధి చేయడానికి ఎక్కువ ఖర్చయ్యేది, సంతలో తక్కువ ధర పలికేది.

2007 జనవరిలో అధ్యక్ష పదవి చేపట్టిన రఫాయెల్ కొరేయా అమెరికాలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన అధ్యాపకుడు. పాత పార్టీలన్నిటిపైనా జనం విసిగిపోయి ఉన్న రోజుల్లో, పౌర విప్లవం అన్న నినాదంతో ఆయన గెలిచాడు. ఆయన ఉద్యమ నిర్మాణంలో పాలుపంచుకున్న అల్బెర్టో అకోస్టా కూడా ఆర్థికవేత్తే. ఆదివాసీ సంఘాలతోనూ పర్యావరణ కార్యకర్తలతోనూ ఆయనకు పాత స్నేహం ఉంది. ఇంధన మంత్రిగా అకోస్టా పదవిలో ఉన్నది కొద్ది నెలలే అయినా, ఆ కొద్ది నెలల్లోనే ఐటీటీ చమురును నేలలో వదిలేయాలన్న ప్రతిపాదన ప్రభుత్వ విధానమైంది. జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, దాన్ని ప్రకటించారు. సెప్టెంబరులో కొరేయా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో దాన్ని వినిపించాడు. ఒక చమురు దేశపు అధినేత తనకున్న చమురును తీయనని, అందుకు తోడ్పడమని ప్రపంచాన్ని అడగడం అంతకుముందు ఎరగని సంగతి. ఐరోపాలోని పర్యావరణ వర్గాలు ఆయనను నెత్తిన పెట్టుకున్నాయి.

ఆ ప్రతిపాదన లెక్క ఇలా ఉంది. చమురు తీస్తే రాగల ఆదాయాన్ని నాటి ధరల్లో దాదాపు 720 కోట్ల డాలర్లుగా అంచనా వేసి, అందులో సగం, అంటే 360 కోట్ల డాలర్లను, 13 ఏళ్లలో అంతర్జాతీయ సమాజం ఇవ్వాలన్నారు. మిగిలిన సగాన్ని ఈక్వడార్ వదులుకుంటుంది. చమురు కాలకపోవడం వల్ల 40.7 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో చేరకుండా ఆగుతుంది. శతాబ్దాలుగా బొగ్గునూ చమురునూ కాల్చి ఎదిగిన సంపన్న దేశాలు, ఆ నష్టానికి తమ వాటాగా ఈ సొమ్ము చెల్లించడం న్యాయమన్నది దీని వెనుక ఉన్న సూత్రం. సహబాధ్యత అనే ఈ సూత్రాన్ని ఆక్షేపించడం కష్టం.

ఐతే ఈ హామీకి పుట్టుకతోనే రెండో ముఖం ఉంది, దాన్ని ఎవరూ దాచలేదు. 2007 మార్చిలో ప్రభుత్వ చమురు సంస్థ ముందు రెండు దారులు పెట్టారు. మొదటిది చమురును వదిలేయడం. డబ్బు రాకపోతే తీయడం రెండోది. ఈ రెండో దారికి అధికారిక పత్రాల్లో ప్రణాళిక బి అన్న పేరే ఉంది. అడవిని కాపాడటం ఆ అడవి విలువ మీద కాక, బెర్లిన్‌లోనో బ్రసెల్స్‌లోనో ఎవరో ఖజానా తలుపు తెరవడం మీద ఆధారపడిందన్నమాట. అదే ఏడాది చివర్లో ఈక్వడార్, 1992లో తాను వదిలేసిన చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో తిరిగి చేరింది. నేలలో చమురు ఉంచేస్తానన్న ప్రతిజ్ఞ, చమురు అమ్మేవారి కూటమిలో సభ్యత్వం ఒకే ఏడాది ఒకే అధ్యక్షుడి చేతుల మీదుగా జరిగాయి. ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో చాలామంది మొదటి వార్తను చదివి రెండో వార్తను వదిలేశారు.

రాజ్యాంగ రచనలో కూడా ఈ ద్వంద్వమే నిలిచిపోయింది. మోంటెక్రిస్టీ అనే తీరప్రాంత పట్టణంలో సమావేశమైన రాజ్యాంగ సభ రూపొందించి, 2008 సెప్టెంబరులో ప్రజలు దాదాపు 64 శాతం ఓట్లతో ఆమోదించిన రాజ్యాంగం, ప్రకృతికి హక్కులుంటాయని ప్రకటించిన తొలి జాతీయ రాజ్యాంగం. దాని 71వ అధికరణ నుంచి 74వ అధికరణ దాకా, ప్రకృతి తన జీవచక్రాలను కొనసాగించుకునే హక్కును, దెబ్బతింటే పునరుద్ధరణ పొందే హక్కును గుర్తించి, ఆ హక్కుల అమలు కోరే అధికారాన్ని ఏ పౌరుడికైనా ఇస్తాయి. క్వెచువా భాషీయుల సుమక్ కావ్సాయ్ భావనను, అంటే సాటివారితోనూ ప్రకృతితోనూ పొసగి బతికే నిండైన జీవనమన్న ఆలోచనను, రాజ్యవ్యవస్థ లక్ష్యంగా అది స్వీకరించింది. ఏకాంతంలో ఉన్న ప్రజల నేలల్లో ఏ విధమైన తవ్వకాలూ కూడదని 57వ అధికరణ శాసించింది. రక్షిత ప్రాంతాల్లో పునరుత్పత్తి కాని వనరుల వెలికితీతను 407వ అధికరణ నిషేధించింది. అదే అధికరణ తన రెండో వాక్యంలో, అధ్యక్షుడు కారణాలు చూపి కోరితే, జాతీయ శాసనసభ దేశ ప్రయోజనమని ప్రకటిస్తే, నిషేధానికి మినహాయింపు ఇవ్వవచ్చునని, అవసరమనుకుంటే ప్రజాభిప్రాయ సేకరణ కోరవచ్చునని కూడా చెప్పింది. యాసునీ భవితవ్యం ఈ వాక్యం చేతుల్లో ఉండిపోయింది. అధ్యక్షుడికీ శాసనసభకూ ఒకే పార్టీ ఉన్న దేశంలో ఇటువంటి మినహాయింపు నిషేధానికి ఎంత బలం మిగులుస్తుందో ఊహించడం కష్టం కాదు.

అకోస్టా స్వయంగా అధ్యక్షత వహించిన సభలోంచి ఈ వాక్యం వెలువడిందన్నది చేదు నిజం. ఐతే ముసాయిదా పూర్తయ్యేదాకా ఆయన ఆ పదవిలో లేడు. గడువులోగా ముగించాలని పార్టీ నాయకత్వం పట్టుబట్టగా, చర్చకు ఇంకా సమయం కావాలని వాదించిన ఆయన 2008 జూన్‌లో అధ్యక్ష స్థానం నుంచి తప్పుకున్నాడు. స్నేహితుల మధ్య మొదటి పగులు చమురు మీద కాక, చర్చకు ఎంత వ్యవధి ఇవ్వాలన్న దాని మీద వచ్చిందన్నది గమనించదగ్గ సంగతి. పర్యావరణ రాజకీయాల్లో తొందర అనేది తటస్థమైన విషయం కాదు. అడవి గురించి, నీటి గురించి మారుమూల ఊళ్ల మాట వినాలంటే నెలలు పడుతుంది. గడువు పేరిట ఆ నెలలను కత్తిరించిన నాడు ఆ ఊళ్ల మాటనే కత్తిరించినట్లవుతుంది.

తరువాతి సంవత్సరాలు చకచకా జరిగిపోయాయి. అంతకుముందే, 2007 చివర్లో, ఒరెయానా ప్రావిన్సులోని దయూమా ఊరివాళ్లు రోడ్లూ ఉద్యోగాలూ కావాలని చమురు ప్రాంతపు దారిని అడ్డుకుంటే సైన్యాన్ని దించారు. 2009 జనవరిలో వచ్చిన గనుల చట్టాన్ని ఆదివాసీ సమాఖ్య కొనాయె వీధుల్లోకి వచ్చి ఎదిరించింది. అదే ఏడాది మార్చిలో అక్సియోన్ ఎకోలోహికా రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసి, నిరసనలు వెల్లువెత్తాక పునరుద్ధరించారు. కొరేయా తన శనివారపు టీవీ ప్రసంగాల్లో పర్యావరణవాదులను పిల్లచేష్టల ఎకాలజిస్టులని ఈసడించడం మామూలైంది. బంగారు మూట మీద కూర్చుని అడుక్కుతినే దేశంగా ఉండలేమన్నది ఆయన తరచూ వాడిన పోలిక.

నిధి సేకరణ కథ ఇంకా విచిత్రంగా నడిచింది. జర్మనీ పార్లమెంటులో అన్ని పార్టీలూ 2008లో ఈ ప్రతిపాదనను సమర్థించాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నిర్వహించే ధర్మనిధి ఒప్పందం మీద సంతకాలకు రంగం సిద్ధమైన వేళ, 2010 జనవరిలో, ఆ షరతులు దేశ సార్వభౌమత్వాన్ని కించపరిచేలా ఉన్నాయని కొరేయా బహిరంగంగా విమర్శించాడు. దాతలు తమ డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో తాము చూస్తామనడం ఆయనకు మింగుడుపడలేదు. ఒప్పందం కోసం శ్రమించిన విదేశాంగ మంత్రి ఫాండెర్ ఫల్కోనీ రాజీనామా చేశాడు, సంప్రదింపుల బృందమూ చెదిరిపోయింది. ఒప్పందం చివరికి 2010 ఆగస్టులో కుదిరింది. కాని అప్పటికి దాతల నమ్మకం సడలింది. ఏమీ చేయకుండా ఉన్నందుకు డబ్బిస్తే రేపు ప్రతి చమురు దేశమూ అదే అడుగుతుందంటూ జర్మనీ అభివృద్ధి సహకార మంత్రి డిర్క్ నీబెల్ వెనక్కి తగ్గాడు. సంపన్న దేశాల వైఖరి ఇందులో ఏ మాత్రం గౌరవప్రదమైనది కాదు. పర్యావరణంపై ఉపన్యాసాలకు లోటు లేని రాజధానుల నుంచి డబ్బు చుక్కలు చుక్కలుగా కూడా రాలేదు.

2013 ఆగస్టు 15న కొరేయా దేశాన్నుద్దేశించి మాట్లాడుతూ ప్రపంచం తమను నిరాశపరిచిందని, ప్రతిపాదనను ముగిస్తున్నానని ప్రకటించాడు. ఆరేళ్లలో నిధిలో నిజంగా జమ అయింది 1.33 కోట్ల డాలర్లేనని, చమురు తీస్తే 1,800 కోట్ల డాలర్ల విలువ దేశానికి దక్కుతుందని ఆయన లెక్క చెప్పాడు. అక్టోబరు 3న శాసనసభ 407వ అధికరణ మినహాయింపును ఉపయోగించి, వనంలో వెయ్యో వంతు నేలను మించకూడదన్న షరతుతో, 108 ఓట్లతో తవ్వకాలను దేశ ప్రయోజనంగా తీర్మానించింది. ఈ రెండు తేదీల మధ్యనే, సెప్టెంబరులో, కొరేయా లాగో అగ్రియో దగ్గర పాత చమురు గుంతలో చేయి ముంచి, నల్లటి ఆ చేతిని కెమెరాలకు చూపి, షెవ్రాన్‌ను నిలదీసే ప్రచారోద్యమాన్ని ప్రారంభించాడు. విదేశీ కంపెనీ చేసిన కాలుష్యం మీద ఆయన కోపం నటన అనుకోవడానికి ఆధారం లేదు. కంపెనీ ప్రభుత్వానిదైతే చమురు శుభ్రంగా వస్తుందని ఆయన బహుశా నిజంగానే నమ్మాడు. ఆయన పర్యావరణ దృష్టి మొదటినుంచీ జాతీయవాదానికి ఒక శాఖ మాత్రమే అన్న సంగతి ఆ చేతిని చూసినప్పుడైనా అర్థం కావాలి.

కొరేయా వైపు వాదనను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయమవుతుంది. ఆయన పాలనలో బడులూ ఆసుపత్రులూ రోడ్లూ విస్తరించాయి. 2006 చివర్లో జనాభాలో 37 శాతానికి పైగా ఉన్న పేదరికం 2013 నాటికి 26 శాతం దరికి దిగింది. ఆ ఖర్చుకు చమురు ధరలు కలిసివచ్చాయి. 2008 చివర్లో విదేశీ బాండ్లలో ఒక భాగం అక్రమ రుణమని ప్రకటించి చెల్లింపులు ఆపేయడంతో పాశ్చాత్య విపణుల తలుపులు మూసుకుపోయి, 2009 నుంచి చైనా అప్పులే దిక్కయ్యాయి. ఆ అప్పుల్లో చాలా భాగానికి హామీ రాబోయే చమురే. భవిష్యత్తులో తీయబోయే చమురును ముందే అమ్ముకున్న ప్రభుత్వం, తీయకుండా ఉంచుతానన్న మాటను ఎన్నాళ్లు నిలుపుకోగలదు? అడవి మీద ప్రేమ తగ్గిందా పెరిగిందా అన్న మీమాంసకు అక్కడ చోటే లేదు. ఓటర్లూ ఆయన పక్షానే నిలిచారు. 2013 ఫిబ్రవరి ఎన్నికల్లో కొరేయా మొదటి దఫాలోనే 57 శాతం ఓట్లతో గెలిచాడు. ఆయనకు వ్యతిరేకంగా వామపక్షాల, ఆదివాసీ పక్షాల ఉమ్మడి అభ్యర్థిగా నిలబడిన అకోస్టాకు వచ్చింది సుమారు 3 శాతం.

ఆ 3 శాతం పర్యావరణవాదులు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్నలకు మూలం. ఎన్నికైన నాయకుడు తనను గెలిపించిన అందరికీ జవాబుదారీ. ఆ అందరిలో పర్యావరణవాదుల వాటా సంఖ్యలో చిన్నది, మాటలో పెద్దది. ఐక్యరాజ్యసమితి వేదిక మీద, విదేశీ విశ్వవిద్యాలయాల్లో, రాజ్యాంగ పీఠికలో నాయకుడికి వారి భాష పనికివస్తుంది. బడ్జెట్ రోజున ఆ భాష పనికిరాదు. 2007లో ఈక్వడార్ పర్యావరణవాదులు కొరేయాకు ఇచ్చింది ఓట్ల కంటే ఎక్కువగా విశ్వసనీయతను. ఆ విశ్వసనీయతను ఇచ్చేటప్పుడు వారు బదులుగా అడగాల్సినవి అడగలేదు. డబ్బు రాకపోయినా తవ్వకూడదన్న షరతు గాని, 407వ అధికరణలో ప్రజాభిప్రాయ సేకరణను ఐచ్ఛికం కాకుండా తప్పనిసరి చేయడం గాని వారు సాధించుకోలేకపోయారు. నాయకుడు తమవాడన్న భరోసా ఉన్నచోట పత్రంలోని లొసుగులను ఎవరూ శ్రద్ధగా వెతకరు. శత్రుపక్షపు అధ్యక్షుడు ఇదే ముసాయిదా తెచ్చి ఉంటే ఆ ఒక్క వాక్యం మీద వీధి పోరాటమే జరిగి ఉండేది.

ఐతే ఆ రాజ్యాంగంలో పౌరులకు ఇచ్చిన మరొక సాధనం మిగిలే ఉంది. 104వ అధికరణ ప్రకారం ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు సేకరిస్తే ఏ అంశం మీదనైనా జాతీయ ప్రజాభిప్రాయ సేకరణ కోరవచ్చు. యాసునిదోస్ అనే పేరుతో ఏకమైన యువతీయువకులు, ఎక్కువమంది కొరేయా పాలనలోనే రాజకీయ చైతన్యం పొందినవారు, ఈ అధికరణను పట్టుకున్నారు. కావలసింది సుమారు 5.8 లక్షల సంతకాలు. 2014 ఏప్రిల్‌లో వారు ఎన్నికల మండలికి అందించినవి 7.5 లక్షలకు పైగా. కాగితం కొలత సరిపోలేదని, గుర్తింపు కార్డు నకలు జతచేయలేదని, ఇటువంటి కారణాలతో సగానికి మించి తిరస్కరించి, చెల్లుబాటైనవి దాదాపు 3.6 లక్షలేనని మండలి తేల్చింది. అంతకుముందే, 2013 డిసెంబరులో, స్వచ్ఛంద సంస్థలను నియంత్రించే అధ్యక్షుడి 16వ నంబరు ఉత్తర్వును ప్రయోగించి ఫుందాసియోన్ పచమామ అనే పర్యావరణ సంస్థను మూసివేయించారు. చమురు తీయాలా వద్దా అన్నదాని మీద సద్బుద్ధితో విభేదించడానికి వీలుంది. ప్రజలను అడగనివ్వకపోవడం మీద అటువంటి వెసులుబాటు లేదు. కొరేయాపై అసలైన ఆరోపణ ఇక్కడ నిలబడుతుంది.

కాకతాళీయంగా, అదే 2013 ఆగస్టులో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒడిశా నియమగిరి కొండల్లో, సుప్రీంకోర్టు ఏప్రిల్ తీర్పు ప్రకారం జరిగిన 12 గ్రామసభల్లో చివరిది ముగిసింది. పన్నెండూ బాక్సైట్ తవ్వకాలను ఏకగ్రీవంగా తిరస్కరించాయి. అక్కడ నిర్ణయం నాయకుడి దయ మీద కాక, అటవీ హక్కుల చట్టం ఊరికి ఇచ్చిన అధికారం మీద నిలబడింది కనుక కేంద్రం కూడా అనుమతి నిరాకరించక తప్పలేదు. తెలుగు నేల మీద ఇందుకు విరుద్ధమైన పాఠం ఉంది. 1997లో సమత కేసు తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని తేల్చినా, ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవడానికి తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు గుండానే విశాఖ మన్యం బాక్సైట్‌ను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ప్రైవేటు శుద్ధి కర్మాగారాలకు ఇచ్చే ఏర్పాట్లు 2005 తర్వాత సాగాయి, 2015 నవంబరులో అందుకు అనుమతిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు జీవో 97 వెలువడింది. గిరిజనుల నిరసన దాన్ని నిలిపివేయించింది. తీర్పును తమ విజయంగా చెప్పుకున్నవారు ఆ తలుపును మూయించుకోవడానికి చేసిన ప్రయత్నం, ఆ తీర్పును పొగడటానికి చేసిన ప్రయత్నంలో పావు వంతు కూడా లేదు.

ఈక్వడార్‌లో తవ్వకాలు 2016లో మొదలయ్యాయి. యాసునిదోస్ మాత్రం న్యాయపోరాటం ఆపలేదు. సంతకాల తిరస్కరణను సవాలు చేసిన దాదాపు పదేళ్ల వ్యాజ్యం తర్వాత, 2023 మే నెలలో రాజ్యాంగ న్యాయస్థానం ప్రజాభిప్రాయ సేకరణకు అనుమతించింది. ఆగస్టు 20న, అధ్యక్ష ఎన్నికల తొలి దఫాతోపాటు జరిగిన ఓటింగులో, ఐటీటీ చమురును నేలలోనే ఉంచేయాలని 59 శాతం మంది తీర్పునిచ్చారు. అప్పటికి ఆ క్షేత్రం నుంచి రోజుకు 55 వేల బ్యారెళ్ల దాకా వస్తోంది. డబ్బు వస్తుందా రాదా అన్న షరతు ఈసారి లేదు. పదేళ్ల క్రితం అకోస్టాను 3 శాతానికి పరిమితం చేసిన ఓటర్లే ఇంత ఆధిక్యంతో ఆయన వాదనను ఒప్పుకున్నారంటే, అడిగిన ప్రశ్న మారిందన్నది ఒక కారణం. ఎన్నికల్లో ఓటరు బడినీ ఆసుపత్రినీ అడవినీ ఒకే మూటలో కట్టి ఒక మనిషికి అప్పగిస్తాడు. ప్రజాభిప్రాయ సేకరణలో అడవిని విడిగా చూసే వీలు ఉంటుంది. ఐతే యాసునీ ఉన్న ఒరెయానాలో మాత్రం వ్యతిరేక ఓటే గెలిచింది. చమురు కంపెనీ జీతం మీద, దాని కాంట్రాక్టుల మీద బతికే ప్రావిన్సు అది. రాజధానిలోని పర్యావరణవాదుల దగ్గర ఆ జీతానికి బదులు ఏమిటన్న ప్రశ్నకు నేటికీ నమ్మదగ్గ సమాధానం లేదు.

అమలు సంగతి మరో నాయకుడి చేతికి వచ్చింది. 2023 ప్రచారంలో చమురును నేలలో ఉంచేయాలనే పక్షాన్ని సమర్థించిన డానియెల్ నోబోవా, ఆ ఏడాది చివర్లో అధ్యక్షుడయ్యాక, మాదకద్రవ్యాల ముఠాలతో పోరుకు డబ్బు కావాలంటూ 2024 జనవరిలోనే వాయిదా ఆలోచనను బయటపెట్టాడు. న్యాయస్థానం ఇచ్చిన ఏడాది గడువు ముగిసే 2024 ఆగస్టులో గాని మొదటి బావిని మూయడం మొదలుకాలేదు. దాదాపు 250 బావులను మూసేందుకు ఇంకా అయిదేళ్లు పడుతుందని ప్రభుత్వం అంది. 2025 మార్చిలో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం, ఏకాంతంలో ఉన్న తగాయెరీ, తారోమెనానే ప్రజల రక్షణలో ఈక్వడార్ విఫలమైందని తీర్పు వెలువరిస్తూ, ప్రజాతీర్పును అమలు చేయాలని ఆదేశించింది. ఆ జూలైలో ప్రభుత్వం పర్యావరణ మంత్రిత్వశాఖను ఇంధన మంత్రిత్వశాఖలో కలిపేసింది. మరుసటి అడుగుగా కొత్త రాజ్యాంగ సభ కావాలని నోబోవా ప్రజలనడిగితే, 2025 నవంబరులో ఓటర్లు ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. దాంతో 2008 రాజ్యాంగం, అందులోని ప్రకృతి హక్కులతోనూ 407వ అధికరణ మినహాయింపుతోనూ సహా, అమలులోనే నిలిచింది. నేలలోనే ఉండిపోవాలని తీర్పు చెప్పిన చమురు, ఆ నవంబరు ఓటింగు జరిగిన రోజున కూడా, మిగిలిన బావుల్లోంచి బయటకు వస్తూనే ఉంది.